పనం (కార్ నికోబార్)

పనం: కార్ నికోబార్ దీవి భాషలో ఊరు. నేల, దేశం అనే అర్థాల్లోనూ వాడతారు. ఈ భాష ముండా, ఖాసీ, ఖ్మేర్ భాషలున్న ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానిది. డబ్బును చెప్పే తమిళ ‘పణం’తో దీనికి చుట్టరికం లేదు, వినడానికి పోలికంతే. జార్జ్ వైట్‌హెడ్ కూర్చిన కార్ నికోబారీ నిఘంటువు 1925లో రంగూన్‌లో అచ్చయింది.

ఊరిని చెప్పే మాటల వెనక తరచు విడిదో, కందకమో ఉంటుంది. మన ‘పాలెం’ ఒకప్పటి సేన విడిది, పాళయం. అల్బేనియన్‌లో ఊరిని చెప్పే ‘ఫ్షాట్’ కందకం తవ్విన చోటును చెప్పే లాటిన్ మాట నుంచి వచ్చింది. అదే భాషలో ఊరికున్న మరో మాట ‘కటుండ్’ పుట్టుక మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. దాన్ని పోలిన ‘కటున్’ అంటే మాంటెనెగ్రోలో కాపరులు వేసవిలో మంద తోలుకెళ్లి కొండమీద వేసుకునే గుడిసెలు.

కార్ నికోబార్‌లో ఊరి అమరికే వేరు. సముద్రపు ఒడ్డున ఊరందరిదీ అయిన స్థలాన్ని ‘ఎల్‌పనం’ అంటారు. సభలు జరిగే ఇల్లు, పడవల పాకలు, శ్మశానం అక్కడే. పూర్వం కాన్పుకూ అక్కడి ప్రత్యేకమైన ఇంటికే వెళ్లేవారు, చావు దగ్గరపడినవారినీ అక్కడికే చేర్చేవారు. మన రచ్చబండ తీర్పులతోనూ కబుర్లతోనూ సరిపెట్టుకుంది. ఎల్‌పనం పుట్టుకనూ చావునూ కూడా తన కిందికే తెచ్చుకుంది. కాపురాలు మాత్రం లోపలి కొబ్బరితోటల్లో, ‘తుహేత్’ల వారీగా. తుహేత్ అంటే ఉమ్మడి కుటుంబం; భూమి, తోటలు, పందులు దాని ఉమ్మడి ఆస్తి. ఊరి పెద్దను ‘కెప్టెన్’ అంటారు, ఓడలవాళ్ల నుంచి వచ్చిన పిలుపు.

127 చదరపు కిలోమీటర్ల ఈ దీవి దాదాపు చదునుగా ఉంటుంది. 2004 డిసెంబరు 26 సునామీకి మలక్కా, మూస్, కకానా వంటి తీర గ్రామాలు దెబ్బతిన్నాయి. బతికినవారు దీవి మరింత లోపలికి తరలి, పాత ఊరి పేర్లనే కొత్త చోట్లకు పెట్టుకున్నారు. ప్రభుత్వ సాయమూ ఇళ్లూ తుహేత్ లెక్కన కాక చిన్న కుటుంబాల లెక్కన అందాయి. ఆ పంపకం కెరటం కన్నా నెమ్మదిగా, కానీ అంతకంటే లోతుగా ఊరిని మార్చిందనవచ్చు: ఆలుమగలకో ఇల్లు వచ్చాక, ఉమ్మడి తోట ఎవరిదన్న ప్రశ్న కొత్తగా పుట్టింది.