వైద్యాలయోద్యోగినులు – గర్భకాలాపాయములు

తెలుగు కుటుంబములు శతాబ్దముల నాడే వలసవచ్చి స్థిరపడిన తమిళనాటి కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములందు, ప్రభుత్వాసుపత్రులలోను, 2022 జనవరిలో విరుదునగరమున ప్రారంభమైన వైద్య కళాశాలలోను, నర్సులుగా, ఆయాలుగా, పారిశుద్ధ్య కార్మికులుగా పరిచర్య సేయు స్త్రీలు గర్భవతులైనపుడు ఎదుర్కొను అపాయములు లోకమున ఏ వైద్యాలయోద్యోగినికైనను సంభవించునవియే.

వీనిలో మత్తువాయువుల అపాయము చిరకాలముగా చర్చింపబడుచున్నది. 1967లో సోవియట్ వైద్యుడు వైస్మన్, మత్తువైద్యురాండ్ర 31 గర్భములలో 18 స్రావమైనట్లు ప్రకటించెను. ఆ లెక్క మిక్కిలి చిన్నదని తరువాతివారు ఆక్షేపించినను, శస్త్రచికిత్సా మందిరములనుండి వ్యర్థవాయువును వెలికి గొనిపోవు ఏర్పాట్ల ఆవశ్యకతను వైద్యలోకము గుర్తించుటకు ఆ హెచ్చరిక తోడ్పడెను. ఎక్స్‌రే కిరణముల విషయమున, గర్భము ప్రకటించిన పిమ్మట పిండమునకు సోకు మోతాదు 1 మిల్లీసీవర్టును మించరాదని అంతర్జాతీయ నియమము. క్యాన్సరు మందులు కలుపుట, సూదిపోటు, క్షయ, రాత్రి డ్యూటీలు, రోగుల నెత్తుట యనునవియు ఉపేక్షింపదగినవి కావు. రుబెల్లా టీకా గర్భధారణకు పూర్వమే వేయించుకొనవలెను; గర్భిణికి అది నిషిద్ధము. హెపటైటిస్-బి టీకాకు అట్టి నిషేధము లేదు.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము, 2017 సవరణానంతరము, జీవించియున్న బిడ్డలు ఇద్దరికంటె తక్కువగా నున్న స్త్రీకి 26 వారముల సెలవు నొసగెను. అయినను అట్టి సెలవు కాన్పు దరిదాపుల వాడుకొనునది; శిశువు అవయవములు రూపొందునదో తొలి మాసములందే. కావున గర్భము నిశ్చయమైన నాడే పైయధికారికి తెలిపి, ఎక్స్‌రే గదినుండియు, క్యాన్సరు మందులనుండియు మార్పు కోరుడు.