గవ్వల నుండి సెల్‌ఫోను వరకు: పచ్చీసు, దాని వారసులు

మా చిన్నతనమున శింగనమలలో వేసవి మధ్యాహ్నములందు అరుగు మీద బొగ్గుతో 25 గళ్ళు గీసి పెద్దలు అష్టాచెమ్మా ఆడెడివారు; పిల్లలము చుట్టును చేరెడివారము. నేడు అదే అరుగు మీద నలుగురు పిల్లలు ఒక సెల్‌ఫోను చుట్టును కూర్చుండి లూడో ఆడుచున్నారు. ఆటలో ఏమి మారినదో చూతము.

లూడోకు మూలము పచ్చీసు. అష్టాచెమ్మా దానికి దగ్గర చుట్టము. హిందీలో పచ్చీస్ అనగా 25. గవ్వలతో పడు పెద్ద పందెమే ఆటకు పేరైనది. ఫతేపూర్ సిక్రీ ప్రాంగణమున రాతిపరుపుపై ఈ పటమును నేటికిని చూడవచ్చును. పచ్చీసులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. ఇద్దరి కాయలును పండిననే గెలుపు. 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన లూడోలో గవ్వలకు బదులు పాచిక వచ్చినది. జట్టు పోయి ఎవరి ఆట వారిదైనది. 2016లో వెలువడిన లూడో కింగ్ వంటి ఆటలలో పాచికయు పోయి దాని బొమ్మ మాత్రమే మిగిలినది.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేయుదురు. ఒక్కొక్కటి వెల్లకిలనో బోర్లనో పడును. నాలుగక్షరముల గురులఘు ప్రస్తారము వలెనే ఇచ్చటను 16 విధములు కలవు. ఒకటి 4 విధములను, రెండు 6 విధములను, మూడు 4 విధములను పడును. నాలుగును వెల్లకిల పడిన చెమ్మా, నాలుగును బోర్ల పడిన అష్టా; ఇవి ఒక్కొక్క విధముననే పడును. 1, 4, 6, 4, 1 అను ఈ వరుస 10వ శతాబ్దమున హలాయుధుడు వివరించిన మేరు ప్రస్తారములోనిదే. అష్టా పడినప్పుడు అరుగంతయు కేక వేయుట ఇందువలననే. పాచికకు ఇట్టి హెచ్చుతగ్గులు లేవు. దానికి ఆరును ఒకటియు సమానమే.

సెల్‌ఫోను పాచికను దొర్లింపదు, సామాన్యముగా లెక్క కట్టును. 1949లో లేమర్ అను అమెరికా గణితజ్ఞుడు ఇట్టి పద్ధతి నొకదానిని ప్రతిపాదించెను. ఒక చిన్న ఉదాహరణ: 1తో మొదలిడి, 3చే గుణించి, 7చే భాగించి, శేషమును తీసికొని, మరల అట్లే చేయుచు పొండు. 3, 2, 6, 4, 5, 1 వచ్చును. చూచుటకు కలగాపులగమే, కాని సూత్రము తెలిసినవానికి తరువాతి పందెము ముందే తెలియును. యంత్రములలో మిక్కిలి పెద్ద సంఖ్యలు వాడుటచే ఆటగాడు ఊహింపజాలడు.

కొత్త ఆటలో దూరపు బంధువుతోను ఆడవచ్చును. ఇది గొప్ప సౌకర్యమే. కాని గవ్వపై అనుమానము కలిగినచో చేతిలోనికి తీసికొని పరీక్షింపవచ్చును. ఫోనులోని సూత్రము కంటికి కానరాదు. వినోదమునకు ఆడునప్పుడు దీనివలన నష్టము లేదు. డబ్బు ఒడ్డునప్పుడు కలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో ఆన్‌లైన్ జూదమును నిషేధించినది; డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు 2025లో పార్లమెంటు చట్టము చేసినది. వానను నమ్ముకొని వేరుసెనగ విత్తు మా సీమవారికి అదృష్టముతో పని కొత్త కాదు. అయినను వానను కొలుచుటకు వర్షమాపకమున్నది.

అదృష్టమును గూడ తరగతిలో కొలువవచ్చును. ఉపాధ్యాయులు నాలుగు గవ్వలను 160 సార్లు వేయింపవలెను. గవ్వ రెండు ప్రక్కలను సమానముగా పడునదైనచో 1, 2, 3, 4, 8 పందెములు సుమారు 40, 60, 40, 10, 10 సార్లు రావలెను. నిజమైన గవ్వ అట్లు పడదేమో! తేడా ఎంతయో, ఎందులకో విద్యార్థులే పట్టిక వ్రాసి తేల్చవలెను. పిమ్మట ఫోను పాచికను గూడ అట్లే పరీక్షింపవచ్చును.