కొండ మీది రోమన్ గుడి

ఫ్రాన్సులో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పుయ్ ద డోమ్ అనే కొండ చూశాను. ఎత్తు 1465 మీటర్లే, చల్లారిన అగ్నిపర్వతం. 2012 నుంచి పైదాకా రైలుంది. నా మోకాళ్ళకు అదే గతి. పైనుంచి చూస్తే నెత్తిన గుంటలతో పచ్చటి గుట్టలు వరసగా కనిపిస్తాయి.

1870లలో అక్కడ వాతావరణ పరిశీలనశాల కట్టడానికి తవ్వుతుంటే రోమన్ల కాలపు మెర్క్యురీ దేవుడి గుడి బయటపడింది. రెండో శతాబ్దపుది. దొరికిన చిన్న కంచు రేకు మీద దాత పేరుంది: మాటుటినియస్ విక్టోరినస్. మన గుళ్ళో ట్యూబ్‌లైటు మీద పేరు రాయించుకునేవారు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

రిటైరయ్యాక కొండలు తిరుగుదామని మా ఆవిడకు ముప్పయ్యేళ్ళు చెబుతూ వచ్చాను. ఆవిడ అంతదాకా ఉండలేదు. ఆ రాళ్ళ దగ్గర కూర్చుని, కోడలు కట్టిచ్చిన పులిహోర ఒక్కణ్ణే తిన్నాను.