పైథాన్ డిక్షనరీలో పునరావృతమైన పేర్లు: లెక్కింపు, తొలగింపు

పైథాన్ భాషలో డిక్షనరీ అనగా ఒక్కొక్క ‘కీ’కి ఒక విలువను జతపరచే అమరిక. ఊరిపేరు కీగా, ఆ ఊరి విద్యార్థుల పేర్ల లిస్టు విలువగా ఉన్నాయనుకుందాం. ఆ లిస్టును కలెక్షన్స్ మాడ్యూల్‌లోని ‘కౌంటర్’కు అందిస్తే ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తుంది. ‘సెట్’గా మారిస్తే పునరుక్తులు తొలగుతాయి గాని, వరుస నిలుస్తుందన్న హామీ లేదు. వరుస చెడకూడదనుకుంటే, 2018లో వెలువడిన 3.7 కూర్పు మొదలుకొని ‘డిక్ట్.ఫ్రమ్‌కీస్’ను వాడి, ఫలితాన్ని తిరిగి లిస్టుగా మార్చి అదే కీ కింద ఉంచవచ్చు.

ఒక హెచ్చరిక. కన్నడ లిపిలో ఒకసారి, తెలుగు లిపిలో ఒకసారి రాసిన ఒకే లక్ష్మి పేరు యంత్రానికి రెండు పేర్లు. ఒకే ఊరి ఇద్దరు లక్ష్ములు మాత్రం దానికి ఒక్కటే. కనుక ముందు లెక్కించి, ప్రవేశ సంఖ్యలతో సరిచూసి, ఆ పిమ్మటనే తొలగించాలి. లేనిపక్షంలో ఒక బిడ్డ పేరే జాబితా నుండి మాయమవుతుంది.