కంఠమున నిలిచిన ముద్ద



సముద్రపుటొడ్డున నున్న మా జువ్వలదిన్నెలో నెవరికైన ముద్ద గొంతు దిగనిచో, మొదట పుట్టు మాట “ముల్లు గ్రుచ్చుకొన్నది” అని. చేపలు తిను నూరు గనుక ఆ యనుమానము సహజమే. వట్టి యన్నపుముద్దను నమలకుండ మ్రింగించుట దానికి వాడుకలోనున్న విరుగుడు. కొన్నియేండ్ల క్రిందట మా ప్రక్కయింటి పెద్దమ్మకు నిట్లే మ్రింగించిరి. మ్రింగింపుడని చెప్పినవారిలో నేనును నొకడను. ఆమె యుక్కిరిబిక్కిరి యయ్యెను. పైన త్రాగించిన నీరు ముక్కువెంట వచ్చెను. ముల్లు లేదు. అప్పటికి మూడునెలలనుండి ఆమె చేయూత లేక పీటమీదినుండి లేవలేకుండెను. తల దువ్వుకొనుటకు చేయి పైకి వచ్చుట లేదు. ముసలితన మనుకొంటిమి. ఈ రెండును ఒకే వ్యాధి యని పట్టణపు వైద్యుడు చెప్పినప్పుడు నాకు సిగ్గు కలిగెను. నాటినుండి ఈ వ్యాధి చరిత్రను వెదకితిని.

మన సుశ్రుతుడు దేహమున 500 పేశులను లెక్కించి, వానిలో 34 మెడయు దానికి పైభాగమునందు నున్నవని చెప్పెను. మ్రింగుట యా పేశుల పని. ముద్దను నమలి వెనుకకు నెట్టువరకే మన యధికారము. పిమ్మట ఊపిరిత్రోవ మూసికొనుట, కంఠపుకండలు ముద్దను క్రిందికి త్రోయుట, అన్నవాహిక తలుపు తెరచికొనుట మన యాజ్ఞ కెదురుచూడక క్షణములో జరిగిపోవును. కావలికుక్క యజమానినే కరచినట్లు, దేహమును కాపాడవలసిన శక్తియే కండలపై పడి వానిని వాపు పుట్టించి క్షీణింపజేయుట ఈ వ్యాధి. తొడలు, భుజములు, మెడ ముందు సడలును. కంఠము సడలినచో ముద్ద త్రోవలో నిలుచును, లేదా ఊపిరితిత్తులలోనికి జారి జ్వరమును దెచ్చును. ప్రాణభయ మచ్చటనే.

1863లో జర్మనీదేశమున లైప్జిగు నగరపు వైద్యుడు వాగ్నరు ఇట్టి రోగమును వర్ణించెను. చర్మముగూడ ఎఱ్ఱబారు రకమునకు 1891లో ఉన్‌ఫెర్రిక్టు డెర్మటోమయోసైటిస్ అను పేరిడెను. అయినను మ్రింగుటను కంటితో చూచు నుపాయ మప్పటికి లేదు. 1895లో రాంట్జెను ఎక్స్‌కిరణములను కనుగొనెను. మరుసటియేట హార్వర్డు విద్యార్థి కానను, బిస్మతు కలిపిన మేతను ఒక పెద్దబాతుచేత మ్రింగించి, అది పొడవైన మెడలో దిగుటను ఆ కిరణములతో చూచెను. నేడు బేరియము త్రాగించి చేయు పరీక్షకు మూల మదియే.

ఆ 1895లోనే భీమవరమున ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆంగ్ల ఆచార్యుని యాగ్రహమునకు గురియై వారు పూర్తి పట్టమును పొందలేకపోయిరని చెప్పుదురు. పట్టములకు మన మిచ్చు విలువ యెంతటిదో! అమెరికాలో ఫిస్కుతో కూడి, కండ పనిచేయునప్పుడు ఖర్చుపెట్టు ఫాస్ఫోక్రియాటిన్ అను నిలువధనమును 1927లో లోకమునకు తెలిపిరి. పిదప 1940లో లెడర్లీ సంస్థలో చేరి, వారి నాయకత్వమున జరిగిన కృషిలో మెథోట్రెక్సేట్ పుట్టినది. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, నిద్రలోనే గతించిరి. ఆ మందు కండలవ్యాధికి పనికివచ్చునని వా రెఱుగరు. ఆ తరువాతినెలలోనే హెంచి యను వైద్యుడు కీళ్ళరోగికి కార్టిజోను నిచ్చెను. ఆ జాతి మందులే ఈ వ్యాధికి మొదటి యాయుధ మైనవి. 1968లో మన దేశీయుడైన మాలవీయగారు సహచరులతో కలిసి డెర్మటోమయోసైటిస్ రోగులకు మెథోట్రెక్సేట్ నిచ్చి ఫలితమును ప్రకటించిరి.

ఒక్క హెచ్చరిక. ఈ వ్యాధికి ఆ మాత్రను వారమున కొక్కదినమే వాడుదురు. దినమునకొకటి యని పొరపడినవారు ప్రాణములు పోగొట్టుకొనిరి. చీటీ చదువలేనివారి యిండ్లలో ఏ వారమో మీరు గోడపై వ్రాసిపెట్టుడు.

1971లో ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అను పేరు పొందిన మఱియొక రకము కలదు. వృద్ధులకు వచ్చు నిది యీ మందులకు లొంగదు. మ్రింగుటకష్టము దానిలో తఱచు.

మా పెద్దమ్మకు మందులు పనిచేసినవి. కొన్నినెలలు ఆమెను నిటారుగ కూర్చుండబెట్టి, గడ్డము వంచి, చిన్న చెంచాతో చిక్కని రాగిజావ పట్టిరి. పలుచని నీరే యామెకు ఎక్కువ ప్రమాదమని వైద్యుడు చెప్పెను. తిన్నపిమ్మట అరగంట పండుకొననీయలేదు. పండుకొన్నవారి నోట నీరు పోయు మన యలవాటును ఆ యింట మానిపించుటకు నేను చాల వాదింపవలసివచ్చెను. శ్రావణమాసమున నొకనాడు ఆమె నన్ను పిలిచి, “అయ్యవారూ, ముల్లు లేని చేపముక్క తిన్నాను” అనెను.