మూడో చేతికి చేరేలోపే ముగిసే గడువు

2025 వానాకాలం పత్తికి మద్దతు ధర కావాలంటే ఆదిలాబాద్ రైతు మార్కెట్ యార్డుకు బండి తోలడానికి ముందే ఫోను తీయాల్సి వచ్చింది. భారత పత్తి సంస్థ (సీసీఐ) ఆ ఏడాది కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది. పేరు నమోదు, స్లాట్ బుకింగ్ అన్నీ అందులోనే. పొడవు పింజ పత్తికి క్వింటాలుకు రూ. 8,110 మద్దతు ధర ప్రకటించారు సరే. యాప్ తెరుచుకోని ఫోను చేతిలో ఉన్నవాడు ఆ ధర దాకా పోవాలంటే ముందు ఇంకొకరి ఫోను దేవులాడుకోవాలి. ఫోను ఎన్నేళ్లు పనిచేయాలి, తయారుచేసిన కంపెనీ దాన్ని ఎన్నేళ్లు కనిపెట్టుకోవాలి అన్న ప్రశ్న ఇప్పుడు ఎవుసం లెక్కల్లో కూడా చేరింది.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. 2003లో వచ్చిన నోకియా 1100ను ఉత్తర తెలంగాణ రైతులు మాట్లాడుకోవడానికి ఎంత వాడారో, దాని టార్చి కోసమూ అంతే వాడారు. రాత్రి కరెంటు కోసం బావి కాడికి పోయేవాళ్లకు ఆ వెలుగు ఆసరా. లోపలి సాఫ్ట్‌వేర్ కొన్ననాడు ఎట్లా ఉందో ఫోను పోయేదాకా అట్లాగే ఉండేది. అందులో బ్యాంకు ఖాతా లేదు, ఆధార్ లేదు. దొంగకు దొరికేది ఫోను ఒక్కటే.

2007లో ఐఫోన్, 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోను వచ్చాయి. మన పల్లెలకు చేరినవి మాత్రం ఆ తర్వాతి చౌక ఫోన్లు: మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా, హైదరాబాద్ కంపెనీ సెల్కాన్. 2014లో సెల్కాన్ రూ. 2,999కే ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ ఫోను అమ్మింది. కరీంనగర్ టవర్ సర్కిల్ దుకాణాల్లో అప్పుడు కొనేవాళ్లు కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత అని అడిగారు. అప్‌డేట్లు ఎన్నేళ్లు అని అడగాలన్న ఊహ కొనేవాళ్లకూ లేదు, అమ్మేవాళ్లకూ లేదు.

ఆ ఏడాదే జరిగిన ఒక ప్రయత్నాన్ని మనం తొందరగా మరిచిపోయాం. 2014 సెప్టెంబరు 15న గూగుల్ ఆండ్రాయిడ్ వన్ పథకాన్ని మన దేశంలోనే మొదలుపెట్టింది. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీల మూడు ఫోన్లు, ధర ఆరున్నర వేల లోపు. రెండేళ్ల దాకా అప్‌డేట్లు నేరుగా తానే పంపుతానని గూగుల్ మాట ఇచ్చింది. అప్పట్లో నెట్ ఖరీదు కాబట్టి ఎయిర్‌టెల్ సిమ్ ఉంటే మొదటి ఆరు నెలలు అప్‌డేట్ల డేటా ఉచితమని కూడా చెప్పింది. ఫోన్లు మొదట ఆన్‌లైన్‌లోనే అమ్మారు. జిల్లా కేంద్రాల దుకాణదారులకు అవి అందలేదు, అమ్మకాలూ ఆశించినంత సాగలేదు. పథకం నిలదొక్కుకోకపోయినా ఒక సంగతి మాత్రం రుజువు చేసింది: ఆరు వేల ఫోనుకు కూడా అప్‌డేట్లు పంపవచ్చు.

మరుసటి ఏడాది ఆగస్టు 10న విశాఖపట్నంలో షావోమీ తన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేసింది. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో, తెలుగు నేల మీద బిగించిన ఫోను అది, ధర రూ. 6,999. అయితే అప్పటికి ఆండ్రాయిడ్ 5 వచ్చి తొమ్మిది నెలలైనా, ఈ కొత్త ఫోను ఆండ్రాయిడ్ 4.4తోనే బయటికొచ్చింది. బిగింపు మన దగ్గరికి వచ్చింది గానీ సాఫ్ట్‌వేర్ బాధ్యత రాలేదు. అంతకు కొద్ది రోజుల ముందే, జులైలో, స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక్క మెసేజ్ పంపి కోట్లాది ఆండ్రాయిడ్ ఫోన్లలోకి చొరబడవచ్చని తేలింది. ఆ దెబ్బతోనే గూగుల్, శాంసంగ్ నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టాయి.

2016లో రెండు మార్పులు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబరులో జియో. అక్టోబరులో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలయ్యేసరికి సిరిసిల్లలోనూ ఆసిఫాబాద్‌లోనూ డేటా ధర నేలకు దిగివచ్చింది. పెద్ద అప్‌డేట్ దింపుకోవడానికి జనానికి నెట్ ఎక్కడిది అన్న కంపెనీల సాకు ఆ రోజుతో చెల్లిపోయింది. జేబులోని ఫోను పైసల సంచి అయింది కూడా అప్పుడే.

ఆ తర్వాత సర్కారు పనులన్నీ ఫోను మీదికి ఎక్కాయి. ఉపాధి హామీ కూలీల హాజరును ఎన్ఎంఎంఎస్ యాప్‌లో ఫొటో తీసి పంపడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. అంగన్‌వాడీ టీచర్లకు పోషణ్ ట్రాకర్ వచ్చింది. పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలో, ఆ యాప్‌ను మోయలేని ఫోన్లను 2021లో అంగన్‌వాడీ కార్యకర్తలు మూకుమ్మడిగా సర్కారుకే తిరిగి ఇచ్చేశారు. వాళ్లు చేసింది న్యాయమైన పని. పని చేయించుకునేవాడే పనిముట్టుకు పూచీ పడాలి.

మన జిల్లాల్లో ఫోను బతికే తీరు కంపెనీల లెక్కల్లో ఉండదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి దుబాయికో మస్కట్‌కో పోయిన మనిషి అక్కడ కొన్న ఫోనును రెండేళ్లు వాడుకుని, ఇంటికొచ్చినప్పుడు భార్యకు ఇస్తాడు. ఆమెకు ఇంకొకటి రాగానే అది అత్తకో, కాలేజీ పిల్లకో పోతుంది. మూడో చేతికి చేరేసరికి నాలుగేళ్లు దాటుతాయి. రెండు మూడేళ్ల హామీతో అమ్మిన ఫోనుకు అప్పటికే అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి. మోసపు లింకు ఏదో, బ్యాంకు మెసేజ్ ఏదో పోల్చుకోలేని మనిషి దగ్గరికి, కాపలా లేని ఫోను చేరుతుంది. ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

కంపెనీలు చిప్‌ను సాకుగా చూపుతాయి. అందులో కొంత నిజముంది: క్వాల్‌కామ్ లాంటి చిప్ తయారీదారు డ్రైవర్లు ఇవ్వడం మానేస్తే ఫోను కంపెనీ చేతులు కట్టేసినట్టే. 2013 నాటి గూగుల్ నెక్సస్ 5కు ఆండ్రాయిడ్ 7 అందలేదు. కానీ నెదర్లాండ్స్‌లోని ఫెయిర్‌ఫోన్ అనే చిన్న సంస్థ, చిప్ కంపెనీ వదిలేసిన తర్వాత కూడా, 2015 నాటి తన ఫోనును 2023 దాకా నడిపించింది. ఆపిల్ 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా సెక్యూరిటీ అప్‌డేట్ పంపింది. 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కు, 2024 జనవరిలో శాంసంగ్ ఎస్24కు ఏడేళ్లు ప్రకటించాయి. అదే ఏడాది శాంసంగ్ మధ్యతరగతి ధరలోని ఏ16 5జీకి ఆరేళ్లు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో క్వాల్‌కామే గూగుల్‌తో కలిసి తన కొత్త పెద్ద చిప్‌లకు ఎనిమిదేళ్ల దాకా దారి తెరిచింది. పదేళ్ల కింద కుదరదన్నదంతా ఇవాళ కుదిరింది. లక్ష రూపాయల ఫోనుకు కుదిరింది పది వేల ఫోనుకు ఎందుకు కుదరదో కంపెనీలే చెప్పాలి.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నియమం అమల్లోకి వచ్చింది. ఏ ఫోను మోడల్‌నైనా మార్కెట్‌కు పంపడం ఆపిన రోజు నుంచి కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. అసలు కీలకం ఆ తేదీలోనే ఉంది. విడుదలైన రోజు నుంచి లెక్కిస్తే, రెండేళ్ల తర్వాత తగ్గింపు ధరకు మంచిర్యాలలో కొన్నవాడు రెండేళ్లు పోగొట్టుకున్నట్టే. మన కేంద్ర వినియోగదారుల శాఖ వేసిన కమిటీ 2025లో మరమ్మతు సూచీ మీద నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా కొలమానాల్లో చేర్చింది. కొలమానం మంచిదే, కానీ కంపెనీ మెడలు వంచేది నియమమే.

నా మట్టుకు గడువు ఏడేళ్లు ఉండాలి, అది చివరి పీసు అమ్మిన రోజు నుంచి మొదలవ్వాలి. ఏటా కొత్త రంగులు, కొత్త హంగులు అక్కర్లేదు; పాత ఫోనును అవి బరువెక్కిస్తాయి కూడా. సెక్యూరిటీ ప్యాచ్‌లు చాలు. ఆ గడువు ముగిసే తేదీని డబ్బా మీద ధర పక్కనే తెలుగులో అచ్చు వేయాలి. సర్కారు తన యాప్‌లను ఏడేళ్ల నాటి ఫోనులో నడిచేట్టు రాయించాలి. అంగన్‌వాడీలకు ఫోన్లు కొనే టెండరులో ఈ షరతు పెట్టడానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు.

అప్పటిదాకా, మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడుతున్న ఫోను ఒకసారి తీసుకోండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి పోయి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. అది ఏడాది దాటి ఉంటే ఆ ఫోనులోంచి బ్యాంకు యాప్, యూపీఐ తీసేయండి. ఈసారి కొత్త ఫోను కొనేటప్పుడు అప్‌డేట్లు ఏ నెల, ఏ సంవత్సరం దాకా వస్తాయో దుకాణంలో అడగండి, బిల్లు మీద రాయించుకోండి.