చూడని యంత్రమునకు భాష

యంత్రమును కంటితో చూడకుండ దానికి పని నేర్పవచ్చునా? మైక్రోసాఫ్ట్ సంస్థ చరిత్ర ఈ ప్రశ్నతోనే మొదలైనది.

'పాపులర్ ఎలక్ట్రానిక్స్' అను అమెరికా పత్రిక 1975 జనవరి సంచికలో 'ఆల్టెయిర్ 8800' అను చిన్న కంప్యూటరును పరిచయము చేసెను. అది చూచి పాల్ ఆలెన్, బిల్ గేట్స్ అను యువకులు దానికి 'బేసిక్' భాషను సమకూర్చుటకు పూనుకొనిరి. కాని వారివద్ద ఆల్టెయిర్ లేదు. అందుచేత హార్వర్డు విశ్వవిద్యాలయములోని పెద్ద కంప్యూటరు, ఆల్టెయిర్‌లోని ఇంటెల్ 8080 ప్రాసెసర్ వలె ప్రవర్తించునట్లు ఆలెన్ ఒక ప్రోగ్రాము వ్రాసెను. ఆ అనుకరణలోనే బేసిక్‌ను పరీక్షించిరి. 8080 ఆదేశములలో ఒక్కదానిని తప్పుగా అర్థము చేసికొన్నను శ్రమ వృథా కావలసినదే. ఆలెన్ అల్బుకర్కీ నగరమునకు పోయి, నిజమైన ఆల్టెయిర్‌లో బేసిక్‌ను నడిపి, రెండును రెండును కూడుమనెను. యంత్రము 4 అని అచ్చువేసెను. ఆ ఏప్రిల్ నెలలో ఆ నగరముననే సంస్థ వెలసెను.

1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వెలువడెను. సియాటిల్ కంప్యూటర్ ప్రాడక్ట్స్ వద్ద కొన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను సవరించి మైక్రోసాఫ్ట్ దానికి ఇచ్చెను. అయితే ఇతర నిర్మాతలకు అమ్ముకొను హక్కును తనవద్దనే ఉంచుకొనెను. ఐ.బి.ఎం.ను పోలిన యంత్రములు పెరిగినకొలది సంస్థయు పెరిగెను. యంత్రము వేరు, దానికి పని చెప్పు ప్రోగ్రాము వేరు అని ప్రయోగములో తేలిన విషయమే వ్యాపారమునందును ఫలించెను.